పెళ్లికి తెచ్చిన పుట్టమన్ను

కలకత్తా రేవు పక్కన మా వాట్‌గంజ్ కూలీ లైన్లలో పెళ్లిరాటను రంగుడబ్బాలో పాతేవారు. ఓడలకు వేసే రంగు డబ్బాలు ఖాళీవి ఇంటికొకటైనా ఉండేవి. అందులో ఇసుక, ఇటికముక్కలు కూరి, రాటను నిలబెట్టి, పసుపు రాసి, మామిడికొమ్మ, నవధాన్యాల మూట కట్టేవారు. కింద అంతా సిమెంటు. తవ్వడానికి చారెడు నేల లేదు. మా అన్నయ్య పెళ్లిలో ఆ డబ్బాకు డోలు వాయించేవాడి కాలు తగిలింది. ఎవరైనా పట్టుకునేలోగా రాట వచ్చి అమ్మ భుజం మీద పడింది. ఏడాది తిరక్కుండానే వదినకు కడుపు పోయింది. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ పైకి అనలేదు. అందరూ మనసులో అనుకున్నారు. అందరికంటే గట్టిగా నేను అనుకున్నాను.

నేను పుట్టుకతో పిరికిదాన్ని. మీద బల్లి పడితే మూడుసార్లు స్నానం చేసేదాన్ని. అద్దం చేయి జారితే వారం రోజులపాటు ఇంట్లో ఎవరికేమవుతుందోనని ఒక్కొక్కరి ముఖం చూస్తూ తిరిగేదాన్ని. ఎప్పుడైనా నేను మొండిధైర్యం చేశానంటే దాని వెనక ఇంకా పెద్ద భయం ఉన్నట్టే. నా పెళ్లి కుదిరినప్పుడు అలాంటి ధైర్యమే చేశాను. రాట నేలలో పాతితేనే పెళ్లి, లేకపోతే వద్దని పట్టుబట్టాను.

మా నాన్న డాక్‌లో సరుకు దించే కూలీ. "నేలెక్కడుందే కలకత్తాల? ఉంటే సెప్పు, పాతేద్దుము" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు.

నేల ఎక్కడుందో నాకు తెలుసు. నేను అప్పట్లో బౌబజార్లో ఒక కుట్టు కార్ఖానాలో జాకెట్లకు చేతికుట్టు పని చేసేదాన్ని. నా పక్కన కూర్చుని కుట్టే బెంగాలీ అమ్మాయి రాజర్‌హాట్ నుంచి వచ్చేది. అప్పటికి అక్కడ ఈ అద్దాల మేడలు లేవు. చేపల చెరువులు, కూరగాయల మళ్లు, వాటి మధ్య మట్టిదారి. కొత్త నగరం కడతామని సర్కారు వాళ్లు కొలతలు మాత్రం మొదలుపెట్టారు. వాళ్ల పొలం గట్ల మీద కూడా మేకులు దిగాయి. "వచ్చే ఏడు ఈ పొలం మాకుంటుందో లేదో. ఈసారి పొట్లకాయ కోసేశాక ఖాళీగా ఉంచుతాం. నీ పెళ్లి అక్కడ చేసుకో" అంది. మేమిద్దరం మాట్లాడుకునేది బెంగాలీలోనే. ఆ మాట విన్నాక ఆ రోజు నేను కుట్టిన హుక్కులన్నీ వంకరపోయాయి.

ఇక పెళ్లి ఏర్పాట్లన్నీ నా నెత్తిన వేసుకున్నాను. మనిషిని పెట్టి చేయించేది ఒక్కటీ లేదు, అంతా మనవాళ్లే. పందిరికి వెదుళ్లు, అరటిచెట్లు స్నేహితురాలి అన్నదమ్ములు ఇస్తామన్నారు. డాక్‌లో నాన్నతో పనిచేసే మావయ్యలు, ఓడసరుకు కట్టే ముడులతో పందిరి కడతాం, గాలివాన వచ్చినా కదలదు చూడమన్నారు. వంట మా పిన్నిది. సన్నాయి మేళం ఖరగ్‌పూర్ నుంచి, మా దూరపు చుట్టాలే. ఆ ఊరి పార్టీ ఆఫీసుకు వెళ్లి మాట చెప్పి రావడం నాన్న పని. ఆ రోజుల్లో వాళ్లకు చెప్పకుండా ఎవరూ మైకు కట్టేవారు కాదు.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఎడమ పేజీలో పనులు రాసుకునేదాన్ని, కుడి పేజీలో భయాలు. వాన, పిడుగు, బస్సు దొరక్కపోవడం, పాలు విరిగిపోవడం, పురోహితుడికి దారి తెలియకపోవడం. ఇరవై దాకా ఉన్నాయి. పాము అన్న మాట అందులో లేదు. జ్యేష్ఠమాసంలో, చెరువుల మధ్య, పొలంలో పెళ్లి పెట్టుకుని పామును మర్చిపోయాను. సిమెంటు మీద పుట్టి పెరిగిన బుద్ధి మరి.

పెళ్లికొడుకు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సు మనిషి, యార్డులో పని. అతన్ని నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి పెళ్లిచూపుల్లో, రెండోసారి మాటలు ఖాయం చేసుకోవడానికి వచ్చినప్పుడు. రెండుసార్లూ తల వంచుకుని మిఠాయి తిని వెళ్లిపోయాడు. నచ్చాడా అని అమ్మ అడిగితే, నచ్చకపోవడానికి ఏముంది అన్నాను. నిజం చెప్పాలంటే నా ధ్యాసంతా రాట మీద, పందిరి మీద ఉంది. ఆ పందిట్లో నా పక్కన కూర్చునే మనిషి గురించి నేను పెద్దగా ఆలోచించలేదు.

పెళ్లి గురువారం. పదకొండు రోజుల ముందు, ఆదివారం పొద్దున్న అమ్మ పుట్టమన్ను మాట ఎత్తింది. మావాళ్లలో పెళ్లికి ముందు పుట్టమన్ను తెచ్చి, మట్టి పాలికల్లో పోసి, నవధాన్యాలు చల్లుతారు. మొలకలు ఎంత పచ్చగా, ఎంత ఒత్తుగా వస్తే ఆ జంట కాపురం అంత చల్లగా ఉంటుందని నమ్మకం. పెళ్లి అయ్యేదాకా ఆ మొలకలను ఎవరూ కదపకూడదు. వాట్‌గంజ్‌లో పుట్ట ఎక్కడిది? ఇన్నాళ్లూ గంగ ఒండ్రు తెచ్చి సరిపెట్టేవారు. "నీ పెళ్లికీ గంగమట్టేనే, ఏటి సేస్తాం" అంది అమ్మ.

"ఎందుకూ? ఆ పొలంలో పుట్ట ఉంది. నేను చూశాను" అన్నాను గర్వంగా.

పిన్నీ నేనూ రెండు బస్సులు మారి, వ్యాన్‌రిక్షా ఎక్కి వెళ్లాం. స్నేహితురాలి ఇంట్లో అందరూ ఏదో పెళ్లికి పోయారు. వాళ్ల నాయనమ్మ ఒక్కతే లోపల పడుకుని ఉంది, లేపడం ఎందుకని తిన్నగా పొలంలోకి నడిచాం. పొలం చివర ఆకుజెముడు చెట్టు. దాని మొదట్లో నా మోకాలెత్తు పుట్ట. మీద సిందూరం చారలు, వానకు సగం కారిపోయి. ఆ సిందూరం చూసి పిన్ని చెంపలు వేసుకుంది. "మంచి పుట్టే అమ్మీ. ఎవులో పూజ కూడా సేస్తన్నారు. ఇలాంటి మన్ను దొరకాలంటే పెట్టి పుట్టాల."

మా లెక్కలో బొట్టు పెట్టిన పుట్టంటే మన్ను తీసుకోదగ్గ పుట్ట. తెచ్చిన పాలు పోశాం, పసుపు చల్లాం, దండం పెట్టాం. దోసెడు మన్ను చాలు. కానీ దొరకక దొరికింది కదా, లైన్లో ఇంకో రెండు పెళ్లిళ్లున్నాయి, వాళ్లకూ పనికొస్తుందని గునపంతో ఒక పక్కంతా దింపి తట్ట నింపాం. ఇంత భక్తితో ఇంత పాడుపని ఇంకెవరూ చేసి ఉండరు.

మర్నాడు అమ్మ అయిదు పాలికల్లో మన్ను పోసి విత్తనాలు చల్లింది. మూడో రోజుకల్లా పెసలు తల ఎత్తాయి. ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి చూపించింది. అంత సంతోషంగా అమ్మను నేను అన్నయ్య పెళ్లికి ముందు చూశాను, మళ్లీ అప్పుడే చూశాను.

పెళ్లికి సరిగ్గా వారం ముందు, గురువారం, కార్ఖానాలో నా స్నేహితురాలు ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఠాకుమా రెండు రోజులుగా అన్నం ముట్టలేదంది. ఠాకుమా అంటే నాయనమ్మ. నేను ఆవిడను రెండు మూడుసార్లు చూశాను. తెల్లచీర, కత్తిరించిన జుట్టు, ఎవరితోనూ మాట్లాడని మనిషి.

"మా పొలం చివర మనసాదేవి గుడిలాంటిది ఉంది, చూశావా? మట్టిది. పూజ దగ్గరపడిందని కొత్త మట్టి మెత్తడానికి వెళ్లింది. ఎవరో సగం తవ్వుకుపోయారు. నక్కలో, ఆ కొలతల వాళ్లో తెలియదు."

నా చేతిలో సూది ఆగిపోయింది. మనసాదేవి పాముల తల్లి. అంతమాత్రం నాకూ తెలుసు.

"అది మామూలు మట్టి కాదు" అంది తను, దారం ఎక్కించుకుంటూ. "మా తాతను పాము కరిచింది అక్కడే. పెళ్లయి నాలుగు నెలలట. ఆయన పడిపోయిన చోట ఠాకుమా తన చేత్తో మట్టి తెచ్చి కట్టింది. అప్పటికి మా నాన్న కడుపులో ఉన్నాడు. ఏటేటా మెత్తుతూనే ఉంది. నిన్న ఆ చెట్టు కింద నిలబడి శాపం పెట్టింది. ఈ మట్టి ఏ ఇంటికి పోయిందో ఆ ఇంటి పెళ్లికూతురు నాలాగే తెల్లచీర కట్టాలని. మాకే ఒళ్లు జలదరించింది. నువ్వేం భయపడకు, నీ పెళ్లికీ దానికీ ఏం సంబంధం?"

సూది నా బొటనవేలిలోకి దిగింది. నెత్తురు తెల్ల జాకెట్టు మీద పడింది. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. మాటకు బదులు నెత్తురు కారే వేలు నోట్లో పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పాలికల మీద నీళ్లు చిలకరిస్తోంది. ఆ మొలకల వైపు చూడలేకపోయాను. తలలు వంచి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లేస్తున్నాయి. నిన్నటిదాకా అవి పెసర మొలకలు. ఆ సాయంత్రం నా కళ్లకు పాముపిల్లల్లా కనిపించాయి.

"అమ్మా, పెళ్లి ఇక్కడే, లైన్లోనే చేసేద్దాం" అన్నాను.

అమ్మ చెంబు కింద పెట్టింది. "ఏటే, మతిగాని పోనాదేటి? ఊరంతా సెప్పినాం. మీ నాన్న పార్టీ ఆఫీసుకి కూడా ఎల్లొచ్చినాడు. నువ్వే కదే రాట నేల్లో ఉండాలని పేనం తీసినావు?"

"వానొస్తే?"

"వానొస్తే తడుస్తాం. ఎల్లి మొహం కడుక్కో."

ఆ మూడు రోజులూ నాకు అన్నం దిగలేదు. పెళ్లిబెంగ అని పక్కింటివాళ్లు వేళాకోళమాడారు. అతని ముఖం గుర్తు తెచ్చుకుందామంటే సరిగ్గా రావడం లేదు. ఒక చెవి కొంచెం ముందుకు వంగి ఉంటుందని గుర్తుంది, అంతే. ముఖం కూడా సరిగ్గా తెలియని మనిషిని నేను చంపబోతున్నానని అనిపించేది. నా పీడ పోగొట్టుకోవడానికి సిమెంటు వదిలి నేల వెతుక్కున్నాను. ఆ నేలలోంచి ఇంకొకరి చావు తవ్వి తెచ్చుకున్నాను.

ఆదివారం రాట వేసే రోజు. రెండు వైపుల వాళ్లూ పొద్దున్నే పొలం చేరారు. పొట్లపాదులు తీసేసిన నేల గడ్డలు గడ్డలుగా ఉంది, చదును చేయాలి. డాక్ మావయ్యలు లుంగీలు ఎగగట్టి పలుగు పారలతో దిగారు. సంత్రాగాఛి నుంచి నలుగురొచ్చారు. వాళ్లలో అతనూ ఉన్నాడు.

"పెళ్లికొడుకు పలుగు పట్టడమేటి బాబూ, కూకో" అని నాన్న అడ్డం వెళ్లాడు.

"నా పెళ్లే కదేటి మావా. కూకుంటే ఏటి బాగుంటాది?" అని అతను పలుగు అందుకున్నాడు. చెప్పులు గట్టు మీద విడిచి, గడ్డిలోకి దిగాడు. ఆకుజెముడు చెట్టు వైపే.

ఆడవాళ్లమంతా అరటిచెట్ల నీడలో కూరగాయలు తరుగుతున్నాం. నేను కత్తిపీట వదిలేసి లేచాను. ఎప్పుడు లేచానో తెలియదు. అంతమంది ముందు, మేళంవాళ్ల ముందు, కాబోయే అత్తగారి ముందు, పొలం అదిరిపోయేలా అరిచాను.

"చెప్పులు వేసుకోండి!"

అతను తల ఎత్తి చూశాడు. పలుగులు, పారలు దించి అందరూ నా వైపు తిరిగారు. తర్వాత నవ్వులు. "అప్పుడే మొదలెట్టీసినాది రా" అని ఎవరో అన్నారు. "మొగుడి కాళ్లకి ముల్లు గుచ్చుకుంటే ఓర్సుకోనేదు" అని ఇంకెవరో. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను సిగ్గుపడిపోయి గట్టు దాకా నడిచి, చెప్పులు తొడుక్కుని, నా వైపు వచ్చాడు. నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"నీకేటి, పామంటే బయ్యమా?"

"మీకు కరుస్తుందని" అన్నాను. అని ఏడ్చేశాను.

అతను ఏం చేయాలో తెలియక పలుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నాకేటి కాదులే. యార్డుల బోలెడు సూసినాను" అని వెళ్లిపోయాడు. నేను అతని కాళ్ల వెంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తెలిసింది నాకు. ఈ మనిషి బతికి ఉండాలి. నన్ను పెళ్లి చేసుకున్నా చేసుకోకపోయినా, బతికి ఉండాలి. ఇంత గట్టిగా నేను అంతకు ముందు దేన్నీ కోరుకోలేదు.

రాట గొయ్యి తవ్వారు. నేను ఇన్నాళ్లూ పట్టుబట్టింది దానికోసమే. పాలు పోసి, పసుపు రాసిన రాటను మెత్తటి నల్లమట్టిలో దింపుతుంటే సన్నాయి అందుకున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం ఆ గొయ్యిలోంచి ఏదైనా బయటికి వస్తుందేమోనని చూశాను.

భోజనాల సందడిలో నా స్నేహితురాలి చేయి పట్టుకుని, మీ ఠాకుమా దగ్గరకు తీసుకెళ్లు అన్నాను. దారిలోనే తనకు అంతా చెప్పేశాను. తను నా చేయి వదిలేసింది. నాకంటే ముందు నడిచి ఇంటిదాకా తీసుకెళ్లింది.

ఠాకుమా వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను వెళ్లి ఆవిడ ముందు నేల మీద కూలబడ్డాను. ఎలా చెప్పాలో బస్సులో అనుకున్న మాటలన్నీ పోయాయి.

"మట్టి నేనే తీసుకెళ్లాను, ఠాకుమా. మా దేశంలో పెళ్లికి పుట్టమన్ను తెస్తారు. బొట్టు చూసి, మంచిదని తవ్వాను. పాలు పోసే తవ్వాను. మీ గుడి అని తెలియదు. ఆయనకు ఏమీ తెలియదు, ఆ మట్టి ఆయన ముట్టుకోనైనా లేదు. ఆ శాపం నాకు తగలనివ్వండి. కరిస్తే నన్ను కరవమని చెప్పండి."

ఆవిడ చేతులు ఆగాయి. తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

"అతన్ని ఎన్నాళ్ల నుంచి ఎరుగుదువు?"

"ఇవాళ్టితో మూడుసార్లు చూశాను."

"నేను నాలుగు నెలలు చూశాను" అంది. మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. తీస్తూనే, "ఆ మట్టి ఏం చేశావు?" అని అడిగింది. చెప్పాను. మట్టి అంతా వెనక్కి తెచ్చేస్తానన్నాను. తెస్తే మొలకలు చస్తాయని కూడా చెప్పాను. అబద్ధం చెప్పే ఓపిక నాలో లేదు.

"ఎంత ఎత్తు వచ్చాయి?"

నేను చూపుడువేలు చూపించాను.

"పీకకు. మొలిచిన దాన్ని పీకమని నేను అనను."

"మరి శాపం?"

"నోట్లోంచి వచ్చేసింది. దాన్ని వెనక్కి ఎలా తీసుకోవాలో నాకు తెలియదు" అని చింతపండు గిన్నె తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నా స్నేహితురాలు ఏడుస్తూ నిలబడింది. నాకు ఏడుపు రాలేదు. గుంజ పట్టుకుని లేచాను.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. కొడుతుందనుకున్నాను. పాలికల ముందు చతికిలబడిపోయింది. "ఓలమ్మో! ఇయ్యి పీకితే నీకు మంచిది కాదు, ఉంచితే ఆ బాబుకి మంచిది కాదు. నానేటి సెయ్యనే?" అంది. నాన్నకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులూ అమ్మ వాటి వైపు చూడకుండానే నీళ్లు చిలకరించింది. మొలకలకు మాత్రం ఏమీ పట్టలేదు, జానెడు లేచాయి.

గురువారం పొద్దున్న పదిన్నరకు ముహూర్తం. మబ్బు లేదు, గాలి లేదు. నా నోటుపుస్తకంలో రాసుకున్న ఇరవై భయాల్లో ఒక్కటీ రాలేదు. పందిరి నిజంగానే ఓడ కట్టినట్టు కట్టారు. కొబ్బరాకుల మధ్య నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. నన్ను పీటల మీదకు తెచ్చారు. మా ఇద్దరి మధ్య తెర పట్టారు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్లికూతురు పెళ్లికొడుకు ముఖం చూడకూడదు. నేను ముఖం కోసం చూడలేదు. తెర కింద నుంచి అతని పాదాలు కనిపిస్తున్నాయి. పారాణి పెట్టిన ఉత్త పాదాలు, పచ్చి నేల మీద. వాటినే చూస్తూ కూర్చున్నాను. ఎవరి కాలికైనా తగిలి గడ్డిపరక కదిలినా పామేమోనని పీట మీద నుంచి సగం లేచేదాన్ని.

అప్పుడు వినిపించింది ఒక చప్పుడు. సన్నాయి ఆగినప్పుడల్లా, మంత్రానికీ మంత్రానికీ మధ్య, పందిరి వెనక నుంచి. దబ్... దబ్... దబ్. కొంచెం కొంచెంగా జరుగుతోంది. నా వెనక నుంచి ఎడమకు, అక్కడి నుంచి వంటపొయ్యిల వైపు, మళ్లీ చుట్టి నా వెనక్కు. మొదట నా గుండె చప్పుడే అనుకున్నాను. తర్వాత శాపమే నడుచుకుంటూ తిరుగుతోందనుకున్నాను. నా చేతిలో జీలకర్ర బెల్లం చెమటకు కరిగిపోతోంది.

నా స్నేహితురాలు నా వెనకే కూర్చుంది. "ఏమిటా చప్పుడు?" అని అడిగాను, పెదాలు కదపకుండా.

"ఠాకుమా" అంది నా చెవిలో. "తెల్లవారకముందు నుంచి తిరుగుతోంది. కర్రతో నేల కొడుతూ, పందిరి చుట్టూ. చప్పుడుకు పాము దరిదాపుకు రాదట. మేమెవరం చెప్పినా ఆగడం లేదు. నీళ్లు కూడా తాగలేదు."

ఆవిడ ఎవరికీ కనిపించకుండా తిరుగుతోంది. భర్త లేని మనిషి పెళ్లిపందిట్లోకి రాకూడదన్నది వాళ్లలోనూ ఉంది, మాలోనూ ఉంది. అందుకే తడికల వెనక నుంచే తిరుగుతోంది. తెర దించారు. అతని ముఖం చూశాను. ముందుకు వంగిన ఆ చెవి చూశాను. అతను తాళి కడుతుంటే వంచిన నా మెడ మీద వేళ్లు తగిలాయి, వెచ్చగా ఉన్నాయి. మేళం హోరెత్తింది. నాకు ఆ హోరులో కూడా కర్రచప్పుడే వినిపించింది.

తలంబ్రాలు కాగానే లేచాను. మా ఇద్దరి కొంగులూ ముడివేసి ఉన్నాయి కాబట్టి, నేను ఎటు నడిస్తే అతనూ అటే రావాల్సి వచ్చింది. "ఎక్కడికే? అటు ఎల్లకు" అని పిన్ని అడ్డం వచ్చింది. కొత్త పెళ్లికూతురు మొదట ఆవిడ ముఖం చూడకూడదని తన భయం. అమ్మ పిన్ని చేయి పట్టుకుని వెనక్కి లాగింది. "ఎల్లనియ్" అంది.

ఠాకుమా పందిరి వెనక, ఎండలో ఉంది. మమ్మల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకుంది, కర్ర మాత్రం ఆపలేదు. పాదాలకు చెప్పుల్లేవు, మడమలు పగిలి మట్టి కూరుకుపోయి ఉన్నాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. నేను వంగి ఆ పాదాలు పట్టుకున్నాను. ముడి లాగడంతో అతనూ వంగాడు. ఎందుకో అడగలేదు. అప్పుడు ఆగింది ఆ చప్పుడు.

"ఠాకుమా, చాలు. కూర్చోండి" అన్నాను.

ఆవిడ నన్ను చూడలేదు. అతని వైపు చూసింది, తల నుంచి పాదాల దాకా, ఒకటికి రెండుసార్లు.

"ఆ రోజు నేను ఇంట్లో అన్నం వండుతున్నాను" అంది. "పొలంలో ఆయన ఒక్కడే ఉన్నాడు."

కొంగుతో ముఖం తుడుచుకుని, కర్ర మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మీరు లోపలికి వెళ్లండి. ఇంకా భోజనాలు కాలేదు, జనమంతా నేల మీదే కూర్చుంటారు" అని, మమ్మల్ని దాటుకుని వెళ్లింది.